తూచి చెక్కిన బండను

నేను పందెపు బండను. కొండరాతిని తూకానికి తగ్గట్టు చెక్కి, ముందు అంచున తొలిచి, ఇనుప కొక్కెం బిగించి, సంక్రాంతికో తిరునాళ్లకో నన్ను నెల్లూరు తీరపు ఊళ్ల మట్టిలోకి ఎడ్ల వెనక దించుతారు. లాగుడు లాగుడుకూ అరిగి నా అడుగు నున్నబడింది. పైభాగం మాత్రం ఇంకా ఉలిదెబ్బల గరుకుతోనే ఉంది. నా పని ఒక్కటే, కొలవడం. నిర్ణీత సమయంలో ఏ జత నన్ను ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి చూస్తారు. యజమాని పేరూ ఊరి పేరూ మైకులో చదువుతారు. బండలాగుడును ఉంచాలా, మాన్పించాలా అని మనుషులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. నన్నడిగితే, నా కొలత నిజమైనంతకాలమే పందెం ఉండాలి. ఆ కొలత చెడిపోతే పందెం జరపడానికి కారణమే లేదు.

నేను కొలిచేది ఒంగోలు గిత్త బలాన్ని. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. కందుకూరు, కనిగిరి 1970 దాకా ఈ జిల్లావే. అందుకే పందొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి బ్రెజిల్ చేరిన ఈ పశువులకు అక్కడ నెలోర్ అన్న పేరు స్థిరపడింది. రేగడి దుక్కికీ, బరువు బండికీ ఆగేలా తరతరాల రైతులు ఏరి ఏరి పెంచిన జాతి ఇది. ట్రాక్టరు వచ్చి దుక్కినీ బండినీ రెంటినీ తీసుకుపోయింది. ఆవుకు పాలున్నాయి కాబట్టి కొట్టంలో చోటుంది. మరి కోడెదూడను ఎందుకు మేపాలి? చాలా ఇళ్లు ఆ ప్రశ్నకు సంతలోనే జవాబు చెప్పేశాయి. గిత్తలు ఇంకా మిగిలిన ఇళ్లలో చాలావాటికి నేనే కారణం.

పందెం నా దగ్గర కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది, ఇంట్లో మాత్రం ఏడాదంతా సాగుతుంది. రాత్రి నానబోసిన ఉలవల్ని తెల్లవారుజామున ఉడకేయాలి, తవుడూ తెలగపిండీ కలపాలి, చొప్ప నరకాలి, పేడ తీయాలి, కాడి ఒరుసుకున్న మెడకు పసుపూ నూనే రాయాలి. ఈ చాకిరీలో పెద్ద వంతు ఆడవాళ్లది, పిల్లలది. మైకులో వాళ్ల పేర్లు వినపడవు. వినపడాలి, ఎందుకంటే గిత్త మోకాళ్లు వంచి, ముందు గిట్టలు మట్టిలో గుచ్చి నన్ను కదిలించే ఆ మొదటి ఊపులో ఉన్నది వాళ్లు పెట్టిన మేతే.

బ్రెజిల్ ఏ బండా లేకుండానే ఈ జాతిని కోట్లలో పెంచింది కదా అని కొందరంటారు. మాట నిజమే. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలంలో పలికిన ధరను బట్టి ఆ ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. కానీ అక్కడ ఏరి పెంచింది మాంసం కోసం. ఏ గుణాన్ని కొలుస్తారో ఆ గుణమే తరాల్లో నిలుస్తుంది. చదలవాడ, లాం పశుక్షేత్రాలు జాతి రక్తాన్ని కాపాడుతున్నాయి, ఆ పని విలువైనది. అయితే లాగే సత్తువ ఏ గిత్తలో ఎంతుందో ఊరందరి ముందూ తేలే చోటు నా ముందున్న మట్టిదారే. ఈ పందెం కలిగినవాళ్ల వేడుకేనన్న విమర్శ కొంతవరకు ఒప్పుకోవలసిందే. పెద్ద విభాగాల జతలకయ్యే ఖర్చు చిన్న రైతుకు అందదు. లేత వయసు గిత్తలు దిగే పాలపళ్ల, రెండు పళ్ల విభాగాలకు బహుమతులు పెంచితే ఇంట పుట్టిన దూడను పెంచే కుటుంబానికి కాస్త ఊతం దొరుకుతుంది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం హింస. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. ప్రదర్శనకు వాడకూడని జంతువుల జాబితాలో 2011లో కేంద్రం ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందాలనూ ఆపింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఇలాంటి పందాలను అనుమతిస్తూ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఆ చట్టానికి చేసుకున్న సవరణలను సమర్థించింది. ఈ తీర్పుల్లో తమకు నచ్చినదాన్ని పట్టుకుని రెండు పక్షాలూ వాదిస్తాయి. నేను మాత్రం కొలత వైపు నుంచే చూస్తాను. చెర్నాకోల దెబ్బకో, ముల్లుగర్ర పోటుకో, తోక మెలికకో పడిన అడుగు టేపు మీద బలంగా నమోదవుతుంది, నిజానికి అది నొప్పి వేయించిన అడుగు. ఆ అంకె చూసి విత్తనపు గిత్తను ఎంచుకున్న రైతు మోసపోతాడు. కాబట్టి కర్రను బరిలోకి రానివ్వకూడదు. కర్ర లేకపోతే ఎడ్లు లాగవన్న మాటే నిజమైతే ఆ జతకు అంత బండ తగదని అర్థం, తేలికైనదాన్ని కట్టాలి.

తగిన బండ ఏదన్న చోటే ఇప్పటి పద్ధతిలో పెద్ద లోపం ఉంది. ఎద్దు తన బరువులో సుమారు పదో వంతు బలంతో గంటల తరబడి లాగగలదని వ్యవసాయ ఇంజినీర్ల లెక్క. అయిదేసి వందల కిలోల ఎడ్ల జతకు అది వంద కిలోల లాగుడు. చక్రం లేని టన్ను రాతిని పొడిమట్టిలో ఈడ్చాలంటే దాదాపు అరటన్ను బలం కావాలి, అంటే అయిదింతలు. కాసేపు మాత్రమే మోయగల భారం అది. తడి ఇసుక కలిసిన తీరపు నేలలో నేను కూరుకుపోతే అది ఇంకా పెరుగుతుంది. అలాంటప్పుడు రెండు ఊళ్ల అడుగుల్ని పోల్చడానికే వీల్లేదు. ఎద్దు బరువును బట్టి ఇంత తేడా వచ్చే పనికి విభాగాల్ని పళ్లను బట్టి నిర్ణయిస్తున్నారు. పళ్లు వయసు చెబుతాయి, బరువు చెప్పవు. అమెరికా పల్లెల్లో కుటుంబాలు మట్టి ట్రాకుల మీద పరుగెత్తించే కార్లను కూడా తరగతులుగా విడదీసి, తూకం వేసి చూస్తారు. ప్రాణం లేని యంత్రానికి పాటించే ఆ న్యాయం ప్రాణమున్న ఎద్దుకు అందడం లేదు. నన్ను కిలోల లెక్కన చెక్కిన ఊళ్లకు ఎద్దును తూచడం కష్టమేమీ కాదు. వరి పండే ఈ జిల్లాలో ధాన్యం లారీల్ని తూచే కాటాలున్నాయి. పందెం ముందురోజు జతను అక్కడికి నడిపించుకెళ్లి చీటీ రాయించుకుంటే, మర్నాడు దానికి ఏ బండ కట్టాలో కమిటీకి ఆ చీటీయే చెబుతుంది.