పడుకున్న కొండ

(గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు. అరకు ఘాటెక్కి వచ్చిన కారు బానెట్ ఎత్తి ఉంది. రేడియేటర్ చల్లారేదాకా అమెరికా బాబుకి పనిలేదు. ఫోను తీశాడు.)

బాబు: మేస్త్రిగారూ, ఇది చూడండి. మౌంట్ రెయినియర్. మా సియాటిల్ పక్కనే. 4,392 మీటర్లు. అగ్నిపర్వతం!

మేస్త్రి: మంచు కనపడతంది గానీ, మంటేదీ బాబూ?

బాబు: నిద్రపోతోంది. లావా కక్కి వెయ్యేళ్లయింది.

మేస్త్రి: పడుకున్నోణ్ణి చూడ్డానికీ టిక్కెట్టుంటాదా?

బాబు: కారుకి 30 డాలర్లు. 1899 నుంచీ నేషనల్ పార్కు. పువ్వు కోసినా ఊరుకోరు. పైన ప్యారడైజ్ అని ఒక చోటుంది...

మేస్త్రి: అయితే బిర్యానీకి లోటు లేదు.

బాబు: అబ్బే, మేం పులిహోర పట్టుకెళ్లాం. (తెలుగువాడు ఏ దేశంలో ఏ కొండెక్కినా పులిహోర ముందెక్కుతుంది.) ఇక్కడ మీకు అలాంటి థ్రిల్ ఏదండీ?

మేస్త్రి: అదేటి, అలాగనేశారు? పక్కనే స్టీలు ప్లాంటు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, మూడు ఫర్నేసులు. పదిహేను వందల డిగ్రీల కాడ ఇనుము కాలవలా పారతాది. 2024 సెప్టెంబర్లో రెండు పడుకున్నాయి, ఒక్కటే మండింది. అప్పుడు చూడ్డానికి ఒక్క టూరిస్టూ రాలేదు.

బాబు: అది వేరండీ. రెయినియర్ నిజంగా డేంజర్. భయం లావాతో కాదు, బురదతో. మంచు కరిగి, రాళ్లూ మట్టీ కలుపుకుని లోయలో పడి వచ్చేస్తుంది. లహార్ అంటారు. 5,600 ఏళ్ల కిందట అలా వచ్చిన బురద మీదే ఇప్పుడు ఊళ్లున్నాయి.

మేస్త్రి: మరి ఆ ఊళ్లోల్లు ఏటి చేస్తారు?

బాబు: లోయల్లో సెన్సర్లు పెట్టారు. బురద కదిలితే సైరన్లు. నెలనెలా మోగించి చూసుకుంటారు. ఆర్టింగ్ అనే ఊళ్లో బడిపిల్లలు వరసకట్టి గట్టుకి నడిచే ప్రాక్టీసు చేస్తారు. 2024 మార్చిలో చుట్టుపక్కల బళ్లన్నీ కలిసి ఒకేరోజు వేలమంది పిల్లల్ని నడిపించాయి.

మేస్త్రి: కొండ లేచిందా?

బాబు: లేదు.

మేస్త్రి: లేవని కొండకి నెలకోసారి సైరనా! (రేడియేటర్ మూత మీద తడిగుడ్డేసి, చురుక్కుమని చెయ్యి తీసేశాడు.) 2020 మే 7న ఇక్కడ వెంకటాపురంలో తెల్లారగట్ల మూడింటికి ఒక ఫ్యాక్టరీలోంచి స్టైరీన్ గ్యాసొచ్చేసింది. 12 మంది పోనారు. సైరను మోగనేలేదు. కళ్లు మండి లేచారు జనం.

బాబు: అసలు సైరన్ లేదా?

మేస్త్రి: లేకేం? ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల నొక్కొచ్చట. ఒక్కచోటా నొక్కలేదని విచారణ కమిటీయే రాసింది.

బాబు: ...ఏమైనా మేస్త్రిగారూ, మనిషన్నాక భయముండాలండీ.

మేస్త్రి: ఉండాల బాబూ. మీ కాడ భయపడ్డానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టారు. మా కాడ భయమేస్తంది అన్నోణ్ణి అభివృద్ధి అంటే గిట్టనోడంటారు. అది సరే, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత కాడికి ఎప్పుడెళ్లింది?

బాబు: చూళ్లేదండీ. పాటలు పెట్టుకున్నాం.

మేస్త్రి: బాగుంది. థర్మోస్టాట్ మార్చాల, సాయంత్రమవుతాది. ఈసారొచ్చినప్పుడు మాత్రం కొండ ఫొటోలొద్దు బాబూ. ఆ సైరన్లు ఎవరు చేస్తారో అడ్రసు పట్రండి.