ఆయన ఊపిరి, నా అద్దం

నేను హెల్మెట్‌ని. గడ్డంతో సహా తలంతా కప్పే రకం. ముందు తెల్ల అద్దం, లోపల థర్మోకోల్ గుల్ల, దాని మీద మెత్తటి గుడ్డ, వెనక ఐఎస్ఐ గుర్తు, ఆ గుర్తు మీద ఐఎస్ 4151 అనే అంకె. నన్ను పెట్టుకునే ఆయన బాటసింగారం పండ్ల మార్కెట్లో గుమస్తా. ఒక కమీషన్ ఏజెంటు దగ్గర బత్తాయి లోడ్ల లెక్కలు రాస్తాడు. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ పక్కన గడ్డిఅన్నారంలో. మార్కెట్ అక్కడే ఉన్నన్నాళ్లు ఆయనకు నాతో పనే లేదు. చెప్పులేసుకుని నడిచి వెళ్లేవాడు. మార్కెట్‌ని ఊరి బయటికి, విజయవాడ రోడ్డు మీది బాటసింగారానికి మార్చాక, తెల్లవారకముందే ఇరవై కిలోమీటర్ల దాకా బండి తోలాల్సి వచ్చింది. అప్పుడు కొన్నాడు నన్ను.

హైదరాబాద్‌లో చలేముంది అనేవాళ్లు ఎండెక్కాక బయటికి వచ్చేవాళ్లు. బేగంపేట వాతావరణ కేంద్రం రికార్డుల్లో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదైంది. అంత చలి రోజూ రాకపోవచ్చు. కానీ మార్గశిరం, పుష్యమాసాల్లో ఊరి అంచుల్లో పది డిగ్రీలకూ అంతకంటే కిందికీ దిగే తెల్లవారుజాములు వస్తూనే ఉంటాయి. పేపర్లో కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టిక చూడండి, హయత్‌నగర్, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ అంకెలు బేగంపేట కంటే తక్కువగా కనిపిస్తాయి. నగరం నడుమ సిమెంటు, తారు పగలంతా తాగిన వేడిని రాత్రంతా వదులుతుంటాయి. పొలాలున్న చోట నేల ఆ వేడిని ఆకాశానికి తొందరగా ఇచ్చేసి చల్లబడుతుంది.

ఈ తేడా నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల కింద బయల్దేరినప్పుడు నా అద్దం గోరువెచ్చగా ఉంటుంది. చైతన్యపురి, కొత్తపేట దాటి ఎల్బీనగర్ దాకా అంతే. అక్కడ మెట్రో ఆగిపోతుంది, నెత్తిన ఆకాశం తెరుచుకుంటుంది. చింతలకుంట దాటాక మొదటి చల్లగాలి తగులుతుంది. వనస్థలిపురం వెనకేసి ఆటోనగర్ చేరేసరికి పక్కన మహావీర్ హరిణ వనస్థలి మొదలవుతుంది. కృష్ణజింకలు తిరిగే ఆ అడవి మీదుగా వచ్చే గాలిలో తడి మట్టి, ఎండుగడ్డి వాసన ఉంటుంది. నా గడ్డం దగ్గరి రంధ్రంలోంచి ఆ గాలి దూరగానే ఆయన భుజాలు రెండూ చెవుల దాకా లేస్తాయి.

తర్వాత హయత్‌నగర్. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు. మచిలీపట్నం దారిలో ప్రయాణికులు ఆగడానికి మసీదు, దాని చుట్టూ సరాయి, పక్కన పెద్ద బావి కట్టించారు. ఆ మసీదు ఇవాళ్టికీ ఉంది. ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి చివరికి చేరేదీ ఆ మచిలీపట్నానికే. చలికాలం రాత్రి బాటసారికి తలదాచుకునే చోటు కావాలని వందల ఏళ్ల కిందటే ఒకరు తలపోశారని తలుచుకుంటే నాకు ఆ ఊరి మీద గౌరవం కలుగుతుంది. ఇప్పుడు ఆ దారిన వెళ్లే బైకువాళ్లకు ఉన్న సరాయి పెద్ద అంబర్‌పేట్‌లోని టీ కొట్టొక్కటే.

పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు జాతీయ రహదారిని దాటుతుంది. 158 కిలోమీటర్ల ఆ వలయం మీదికి బైకుల్ని ఎక్కనివ్వరు. కార్లు, లారీలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. మేం కింద, వాటి నడుమ దారి వెతుక్కుంటూ పోవాలి. పొగమంచు మొదలయ్యేది కూడా ఇక్కడి నుంచే. రాత్రి మబ్బులు లేక, గాలి కదలక, నేలలో తేమ ఉంటే భూమికి ఆనుకున్న గాలి చల్లబడి అందులోని ఆవిరి చుక్కలుగా మారుతుంది. పొలాలు, చెరువులు ఉన్న పల్లాల్లో అది చిక్కగా నిలుస్తుంది. చూపు కిలోమీటరు లోపే ఆగిపోతే వాతావరణ శాఖ దాన్ని పొగమంచు అంటుంది. ఇనాంగూడ వైపు నేను చూసిన కొన్ని ఉదయాల్లో పది బారల దూరంలో ఉన్న లారీ వెనక దీపం కూడా కనిపించలేదు.

బయటి మంచు సంగతి సరే, అది సూర్యుడు వస్తే పోతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది లోపలి మసక. అది ఆయన ఊపిరే. మనిషి వదిలే గాలి సుమారు 34 డిగ్రీల వెచ్చదనంతో, మోయగలిగినంత తేమను మోసుకుంటూ వస్తుంది. నా అద్దం ఎదురుగాలికి చల్లబడి ఉంటుంది. ఆ తేమ అద్దానికి తగిలీ తగలగానే సన్నటి చుక్కలుగా అంటుకుంటుంది. నీళ్లు పలచగా పరుచుకుంటే వాటి గుండా చూడొచ్చు. చుక్కలుగా నిలబడితేనే చిక్కు, ఒక్కో చుక్కా వెలుగుని ఒక్కో వైపు విసురుతుంది. ఎదురుగా వచ్చే లారీ దీపం నా అద్దమంతా తెల్లగా పరుచుకుంటుంది. పైగా ఆయనకు కళ్లద్దాలు. వాటికీ అదే గతి. రెండు పొరల మసక వెనక ఆ రెండు కళ్లు పెద్దవై వెతుకుతుంటే నాకు ఊపిరాడదు. ఆయన్ని కాపాడటానికే పుట్టినదాన్ని, నేనే ఆయన చూపుకి అడ్డం పడుతున్నానే అనిపిస్తుంది.

మా వంశంలో ఈ చిక్కు మొదటి నుంచీ లేదు. 1935లో ఇంగ్లండ్‌లో టి.ఇ. లారెన్స్ మోటారు సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయనకు వైద్యం చేసినవాళ్లలో ఒకరైన మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత తల గాయాల మీద ఏళ్ల తరబడి పనిచేసి, హెల్మెట్ ఉంటే సైనిక దళాల మోటారు సైకిల్ రౌతులు బతుకుతారని చూపించాడు. అప్పటి హెల్మెట్లు నడినెత్తిని మాత్రమే కాచేవి. 1953లో పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ కనిపెట్టారు, నా అద్దం దాంతో చేసిందే. 1960ల చివర్లో అమెరికాలో బెల్ సంస్థ ముఖం మొత్తాన్ని మూసే హెల్మెట్ తెచ్చింది. గడ్డానికి రక్షణ వచ్చింది, ముఖానికి వెచ్చదనం వచ్చింది, ఆ వెంటే మసక కూడా వచ్చింది.

మసక పోవాలంటే అద్దం కొంచెం తెరవాలి. తెరిస్తే చలి కోస్తుంది. చలి తట్టుకోలేక మూస్తే దారి కనపడదు. ఈ మార్కెట్ దారిలో ఎందరో అద్దం పూర్తిగా పైకెత్తి, కళ్లల్లో నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ పోతారు. ఎగిరొచ్చే గులకరాయికి, పురుగుకి ఆ కళ్లే ఎదురు. నా బుద్ధికి తోచేది ఒకటే: చలిని ఆపాల్సింది నేను కాదు, ఒంటి మీద బట్టలు. మెడ, ఛాతీ, చేతులు వెచ్చగా ఉన్న మనిషి అద్దాన్ని ఒక పన్ను మేర తెరిచి ఉంచగలడు. ఆ సన్నటి సందులోంచి వచ్చే పొడిగాలి చాలు, మసక పట్టదు. వణికే మనిషి మాత్రం గట్టిగా మూసేసుకుంటాడు.

గాలి పది డిగ్రీలున్నప్పుడు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతే చర్మానికి అది ఐదారు డిగ్రీల్లా తగులుతుంది. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం చెబుతున్నా. అందుకే ఎన్ని స్వెటర్లు వేశామన్నదాని కంటే పైపొర గాలిని ఆపుతుందా లేదా అన్నది ముఖ్యం. ఏటా చలికాలం నగరానికి వచ్చే టిబెటన్ల దగ్గర ఆయన మంచి ఉన్ని స్వెటర్ కొన్నాడు. అయినా వణికాడు, గాలి అల్లిక సందుల్లోంచి దూరిపోయేది. ఆయన భార్య చూసి, "గిట్ల గాదు. మీద రెయిన్‌కోట్ ఏస్కో, లోపల ఇది పెట్టుకో" అని నిన్నటి దినపత్రిక మడిచి చొక్కాకీ స్వెటర్‌కీ మధ్య ఛాతీ మీద పెట్టింది. స్కూటర్ల కాలం నుంచీ ఉన్న కిటుకు అది. కాగితం గాలిని ఆపుతుంది, కదలని గాలిని పట్టి ఉంచుతుంది. ఆ రోజు హయత్‌నగర్ దగ్గర ఆయన భుజాలు లేవలేదు.

చేతుల సంగతి ఇంకా ముఖ్యం. ఒంట్లో వేడి తగ్గితే శరీరం గుండెనూ పొట్టనూ కాపాడుకోవడానికి వేళ్లకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. మొద్దుబారిన వేళ్లకు బ్రేక్ పట్టాలన్న సంగతి తెలిసినా పట్టు చిక్కదు. ఆయన నూలు గ్లౌజుల మీద తోలు గ్లౌజులు వేస్తాడు. బిగుతుగా ఉంటే రక్తం ఆడదని ఒక సైజు పెద్దవి తీసుకున్నాడు. మఫ్లర్ మాత్రం ముక్కు మీదికి కట్టడు. అలా కడితే ఊపిరి దారి లేక పైకి తన్ని నేరుగా కళ్లద్దాల్లోకి పోతుంది. మెడ చుట్టూ, గడ్డం కిందికి కట్టి కొసలు జర్కిన్‌లోకి దోపుకుంటాడు. నా లోపల ముక్కు దగ్గర ఒక రబ్బరు తొడుగు ఉంటుంది, ఊపిరిని కిందికి మళ్లించడానికి. చాలామంది అడ్డమని దాన్ని పీకి పారేస్తారు. దయచేసి ఉంచండి.

పెద్ద అంబర్‌పేట్ టీ కొట్టు దగ్గర ఆయన నన్ను తీసి ట్యాంకు మీద బోర్లించి, రెండు అరచేతులతో గ్లాసు పట్టుకుంటాడు. ఒకసారి సూర్యాపేట నుంచి వచ్చిన లారీ డ్రైవరు నా అద్దం మీది మసక చూశాడు.

"తమ్మీ, లోపట సబ్బు రాసినవా?"

"సబ్బా పెద్దన్నా? అద్దం ఖరాబ్ గాదా?"

"తడి ఏలుతోటి కొంచెం రాసి, ఎండినంక మెత్తటి గుడ్డతోటి తుడువు. మరక కనవడొద్దు, పొర మాత్రం ఉండాలె. మేం వానకు లారీ అద్దానికి పొగాకు రుద్దుతం. గదీ గసొంటిదే."

ఆ పెద్దాయన చెప్పింది నిజం. సబ్బు నీటి చుక్కల బిగువును తగ్గిస్తుంది. తేమ చుక్కలుగా నిలబడకుండా పలచగా పరుచుకుంటుంది, చూపు దాని గుండా సాగుతుంది. రెండు మూడు రోజులు పనిచేస్తుంది, మళ్లీ రాయాలి. పిల్లల షాంపూ అయినా ఫరవాలేదు. పెట్రోలు, కిరసనాయిలు, థిన్నర్‌లతో మాత్రం నన్ను తుడవకండి. పాలీకార్బొనేట్ వాటికి తట్టుకోలేక సన్నటి పగుళ్లు ఇస్తుంది, మళ్లీ అతకదు.

బయటి మంచులోకి దిగాక ఇంకో రకం జాగ్రత్త కావాలి. హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచు చుక్కలకు తగిలి తిరిగి మన కళ్లల్లోకే వస్తుంది, లో బీమే మేలు. నా అద్దం పైభాగాన కూడా నీళ్లు చేరతాయి. ఆయన ఎడమ చేతి చూపుడువేలితో అడ్డంగా ఒక గీత తుడిచి, ఆ గీతలోంచి చూస్తాడు. లారీ వెనక దీపాన్ని పట్టుకుని పోవడం సుఖంగా అనిపిస్తుంది కానీ ఆ లారీ ఎందుకు ఆగిందో మనకు తెలిసేలోపు మనం దాని కిందికి పోతాం. రోడ్డు పక్కన దీపాలు ఆర్పి నిలిపిన బండ్లు అన్నిటికన్నా భయం. అలాంటి రోజు ఆయన వేగం తగ్గిస్తాడు. లోడ్ దించడం ఆలస్యమైందని షావుకారు కసురుకుంటాడు. కసురుకోనీ.

వేగం తగ్గితే నాకు కష్టం. బండి కదులుతున్నంతసేపు గాలి ఆడుతుంది, ఆగితే ఊపిరంతా లోపలే. సంక్రాంతి ముందు రాత్రులైతే చెప్పనక్కర్లేదు. నగరమంతా కార్లెక్కి ఆంధ్ర వైపు బయల్దేరుతుంది, పంతంగి టోల్‌గేటు దాకా బారులు. హయత్‌నగర్ నుంచి పెద్ద అంబర్‌పేట్ దాటేసరికి కార్ల మధ్య కాలు నేల మీద ఆనించుకుంటూ పాకాలి. అప్పుడు ఆయన నా అద్దం పూర్తిగా ఎత్తేస్తాడు. అద్దాలు మూసిన కార్లలో రగ్గులు కప్పుకుని నిద్రపోతున్న పిల్లలు కనిపిస్తారు. వాళ్ల ఇళ్లలో పండక్కి చేరే పండ్లలో మా ఆయన లెక్క రాసినవి కొన్ని ఉంటాయి, అది తలుచుకుంటే నాకు సంతోషం.

ఈ ఏడు నా అద్దం మీద గీతలు పడ్డాయి. పొడి గుడ్డతో, చొక్కా కొసతో హడావుడిగా తుడిచిన ప్రతిసారీ రోడ్డు దుమ్ము ఒక గీత గీసింది. ఎదురు దీపం ప్రతి గీతలోనూ చీలి నక్షత్రంలా విచ్చుకుంటోంది. సబ్బు మసకను ఆపుతుంది, గీతను ఆపలేదు. మొన్న ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో హెల్మెట్ల దుకాణానికి నన్ను పట్టుకెళ్లాడు. దుకాణం కుర్రవాడు ముందు నల్ల అద్దం తీశాడు.

"ఇది తీస్కో అన్నా, మంచి లుక్కొస్తది."

"నల్లది వద్దు తమ్మీ. నేను మూడున్నరకు ఎళ్తా. చీకట్ల ఏం గానొస్తది?"

తర్వాత ఆ కుర్రవాడు పిన్‌లాక్ ఉన్న హెల్మెట్ చూపించాడు. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఉపాయం అది. అద్దం లోపల ఇంకో పలచటి పొర, రెండు మేకుల మధ్య బిగిసి ఉంటుంది, అంచు చుట్టూ సిలికాన్ బందు. రెండిటి మధ్య చిక్కిన గాలి వల్ల లోపలి పొర చల్లబడదు, పైగా అది కొంత తేమను పీల్చుకుంటుంది. నాకు ఆ మేకులు లేవు, నా అద్దానికి అది పట్టదు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. ధర అడిగి, తిరిగి బల్ల మీద పెట్టాడు. నా కంపెనీ తెల్ల అద్దమే అడిగి, బేరమాడి, అక్కడే బిగించుకున్నాడు. మిగిలిన డబ్బుతో గాలి దూరని గ్లౌజులు ఒక జత తీసుకున్నాడు.

"పిన్‌లాక్‌ది వచ్చే ఏడు జూద్దాం," అన్నాడు కుర్రవాడితో. "పక్కన పెట్టి ఉంచు, అమ్ముకోకు."