స్వభావవాదము: సర్వీసు సెంటరు శాఖ

నిప్పునకు వేడిమియు, ముల్లునకు వాడిమియు ఒకరిచ్చినవి కావు, అవి వాని స్వభావమే యని పూర్వము చార్వాకులు వాదించిరట. ఆ మతము ఈ దేశమున ఎన్నడో అంతరించినదని తలచు పండితులు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములలో ఏదేని కార్ల సర్వీసు సెంటరున వారిచ్చు పలుచని కాఫీ త్రాగుచు ఒక్క పూట కూర్చుండినచో, అది మెడలో ఐడీ కార్డును, చేత టాబ్లెట్టును ధరించి సజీవముగా సంచరించుట కన్నులార చూడగలరు. “రెండో గేరు పడేటప్పుడు బండి కుదుపుతోందండీ” అని యజమాని మొరపెట్టుకొనును. “నార్మలే సార్, ఈ మోడలుకు అంతే” అని అడ్వైజరు సెలవిచ్చును. కుదుపునకు హేతువును వెదకు శ్రమ ఇరువురికిని తప్పినది.

ఈ దర్శనము పికప్ బండ్ల విషయమున పరాకాష్ఠ నందుచున్నది. శ్రీసిటీలో 2016 నుండి తయారగుచున్న ఇసుజు వి-క్రాస్ యైనను, 2022లో విపణికి వచ్చిన టొయోటా హైలక్స్ యైనను, ఐదు మీటర్లు దాటిన పొడవును, నాలుగు చక్రములకును శక్తినందించు యంత్రాంగమును గల మహాకాయములు. హైటెక్ సిటీలో వాని తొట్టి యందు ల్యాప్‌టాపు సంచీ కంటె బరువైనది ఎక్కుట అరుదు. అది కొన్నవారి వేడుక, మనకేల? ఏ కంపెనీ బండి మేలన్న విచారణయు ఇచట లేదు. సిద్ధాంతము అందరిదియు ఒక్కటే. పికప్ ప్రకటనలలో బండి ఏరులు దాటును, కొండలెక్కును, ఇసుక తిన్నెలపై నాట్యమాడును. అదే బండి మైండ్‌స్పేస్ కూడలి నుండి బయో డైవర్సిటీ కూడలి వరకు సాయంకాలము నత్తనడక నడచి గేర్‌బాక్సులో గొణుగుడు మొదలిడగనే, “సిటీ ట్రాఫిక్ కదా సార్, మీ డ్రైవింగ్ స్టైల్ కూడా చూసుకోవాలి” యని ఉపదేశము వెలువడును. హిమాలయమునకు వెరవని యంత్రము రాయదుర్గమునకు వెరచునట!

యంత్రధర్మము రహస్యమేమియు కాదు. మాన్యువల్ బండి హాఫ్ క్లచ్‌పై అడుగడుగునకు ఆగి కదలుచుండ, క్లచ్ ప్లేటు జారి జారి మాడు వాసన కొట్టును. అరుగుదల వస్తువని దానిని వారంటీ నుండి ముందే తొలగించి యుంచిరి. ఆటోమేటిక్ అయినచో టార్క్ కన్వర్టరులో నూనె చిలుకబడి వేడెక్కును, వేడెక్కిన నూనె క్రమముగా జిగి తప్పును, అంతట లోపలి క్లచ్ పట్టియు పట్టక బండిని వణకించును. నూనె మార్చవలెనా యని అడిగినచో, “అక్కర్లేదు సార్, లైఫ్‌టైమ్ ఆయిల్” అందురు. ఎవరి లైఫ్‌టైమో చెప్పరు. బహుశః వారంటీది కాబోలు. బండితో ఇచ్చు ఓనర్స్ మాన్యువల్ చివరి పుటలలో ఎండ, ధూళి, ఆగి సాగు ట్రాఫిక్ కఠిన వినియోగమని వ్రాయుట పరిపాటి. ఆ లెక్కన సైబరాబాదంతయు కఠిన వినియోగమే. అమ్మునాడు ఆ పుట తెరచిన సేల్స్ పురుషుడు కానరాడు.

ఒక్కచోట అడ్వైజరు పక్షమున న్యాయము కలదు. ఇట్టి బండ్ల ఫోర్ వీల్ డ్రైవుకు నడుమ డిఫరెన్షియల్ ఉండదు. కావున ఎండిన తారురోడ్డుపై దాని నాబ్ త్రిప్పి మలుపు తిరిగినచో ముందు వెనుక చక్రముల వేగభేదము షాఫ్టులలో మెలిపడి ట్రాన్స్‌ఫర్ కేసును పీడించును. పిల్లవానికి వినోదముగా నాబ్ త్రిప్పిన తండ్రి నేరస్థుడే. కాని బండి అప్పగించిన దినమున ఆపిల్ కార్‌ప్లే బోధకు అరగంట వెచ్చించినవారికి ఈ ఒక్క మాటకు వ్యవధి దొరకలేదు.

డ్రైవింగ్ స్టైల్ అను అస్త్రము మనవారు కనుగొన్నది కాదు. ఫోర్డ్ కార్ల పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సు వణకుచుండ, దోషమెరిగియు ఆ కంపెనీ కొనుగోలుదారుల నడుపు తీరును నిందించినదని ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2018లో కోటి డాలర్ల జరిమానా విధించెను. మన అడ్వైజరు ఆ తీర్పు చదివి యుండడు. జాబ్ కార్డుపై “నో ఇష్యూ ఫౌండ్” అని మాత్రము ముత్యములవంటి అక్షరములతో వ్రాయును. పరీక్ష జరిగినది ఉదయము పదకొండు గంటలకు, సెంటరు వెనుకనున్న ఖాళీ సందులో. ఇకమీదట ఆ పరీక్షను గురువారము సాయంకాలము ఆరున్నరకు ఐకియా ముందర, ఏసీ వేసి, వర్క్స్ మేనేజరుగారినే స్టీరింగు ముందు కూర్చుండబెట్టి, జాబ్ కార్డును వెనుక సీటులోని యజమాని చేతికిచ్చి జరిపింతురు గాక.