వడియాలంత జాగా

మీరూ పై అంతస్తులోనే ఉంటారు కాబట్టి మీతో చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాదులో మా స్లాబు పగలంతా ఎండ తాగి, మనం నడుం వాల్చే వేళకి తీరిగ్గా మన మీద కక్కుతుంది. ఫ్యాను ఆ వేడినే కలియదిప్పి వడ్డిస్తుంది.

"ఏసీ కొందామండీ" అంది మా ఆవిడ. సరేననేస్తే గొడవ వదిలేది. కానీ నేను పేపరు చదివే మనిషిని కదా!

"ఏసీ మన గదిలో వేడిని తీసుకెళ్లి వీధిలో పోస్తుందోయ్. 2023లోనే తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పుల్ని చల్లబరచాలట. డాబా తెల్లగా ఉంటే ఎండ వచ్చిన దారినే పోతుంది, ఇంట్లో రెండు నుంచి ఐదు డిగ్రీలు తగ్గుతుంది" అని దంచాను.

"అందరూ వేయించాలా?"

"600 గజాలు, ఆపైన ఉన్న ఇళ్లకే తప్పనిసరి. మనది 150. మన ఇష్టం."

"తప్పనిసరిగా కట్టాల్సిన కరెంటు బిల్లు మాత్రం గుర్తుండదు" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

ముందు శాస్త్రీయంగా కొలుద్దామని కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు పట్టుకుని పదకొండింటికి డాబా ఎక్కాను. స్లాబుకి గురిపెట్టి నొక్కితే 'హెచ్ ఐ' అని పడింది. "అమ్మడూ, ఇది నాకు హాయ్ చెబుతోందే!" అని మురిసిపోయాను.

"అది హాయ్ కాదు నాన్నా, హై. కొలవడం దానివల్ల కాదని చేతులెత్తేసింది" అంది మా అమ్మాయి.

కూల్ రూఫ్ పెయింటు ధర విన్నాక మా తాత గుర్తొచ్చాడు. ఆయన కాలంలో అన్నిటికీ సున్నమే. రాళ్ల సున్నం తెచ్చి బకెట్లో వేసి నీళ్లు పోశాను. బుసబుసమంటూ ఉడికింది, పొగలు కక్కింది. నేను గుమ్మం దాకా పరుగెత్తి తిరిగి చూసేసరికి ప్లాస్టిక్ బకెట్టు మెత్తబడి, అలిగిన అల్లుడిలా ఓ పక్కకి ఒరిగిపోయింది. అది స్నానాల బకెట్టు. పండక్కి కొన్నది.

చల్లారిన సున్నాన్ని కొబ్బరి పీచు కుంచెతో డాబా అంతా పులిమి, యుద్ధం గెలిచిన వాడిలా కిందికి దిగాను. హాలు మీదుగా వంటింటి దాకా తెల్లటి పాదాలు. సున్నంలో జిగురు కలపాలని నాకెవరు చెప్పారు? "కృష్ణాష్టమి ఇంకా నాలుగు నెలలుంది కదా నాన్నా!" అంది అమ్మాయి. ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. తడిగుడ్డ చేతికిచ్చింది.

రెండోసారి మేస్త్రీ ఆవిడే. డాబా కడిగించింది, సున్నం వడకట్టించింది, ఫెవికాల్ కలిపించింది, తడి ఆరకముందే పట్టించింది. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావంటే, "మీరు వెయ్యడం చూసి, దానికి వ్యతిరేకంగా చేయించాను" అంది. కూలీ మాత్రం నేనే.

మళ్లీ పదకొండింటికి థర్మామీటరు పెడితే, 41! అంకె పడింది! ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. అమ్మాయి చూసింది. ఆవిడ పోపు మాడుతుందంది.

నాలుగో రోజు ఆవిడే పిలిచింది. డాబా మీద పాత చీర, చీర మీద పిండి వడియాలు. ఒకటి తిరగేసి నా కళ్లముందు పెట్టింది. పైన పెచ్చు కట్టింది, అడుగున ఇంకా పచ్చిగానే ఉంది.

"మీ డాబా చల్లబడిందండీ, ఒప్పుకుంటున్నా. నా వడియాలు ఎండట్లేదు."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ నోట 'ఒప్పుకుంటున్నా' అన్నమాట వినడం అదే మొదలు. ఆ మైకంలో ఆవిడ చెప్పిన చోట, చీరంత మేర సున్నాన్ని ఇనుప బ్రష్షుతో నేనే గోకేశాను. ఫెవికాల్ కలిపిన సున్నం అంత తేలిగ్గా ఊడదని కూడా అప్పుడే తెలిసింది.

ఆ రాత్రి ఇల్లు నిజంగానే చల్లగా ఉంది. ఆవిడ దుప్పటి కప్పుకుంది. నాకే చెమటలు. లేచి లైటేసి, పైకి చూసి, మెట్లెక్కి అడుగులతో కొలిచి వచ్చాను. గోకిన జాగా సరిగ్గా నా మంచం మీదికే వచ్చింది.

వడియాలు మర్నాటికే గలగల్లాడాయి. వచ్చే వారం గుమ్మడికాయ తెమ్మంది.