వైర్‌లెస్‌కు ఎన్ని వైర్లు!

ఢిల్లీలో పాలికా బజార్ మెట్లు దిగినా, నెహ్రూ ప్లేస్ మెట్లెక్కినా పాత వీడియో గేముల కొత్త అవతారం గురించి వినిపించే మాట ఒకటే: పెట్టెను టీవీకి తగిలించండి, ప్యాడ్ మీద బటన్ నొక్కండి, అంతే. పెట్టె అంటే చాలాసార్లు అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై బోర్డు, అందులో రెట్రోపై, బాటొసెరా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌ను ఇవాళ్టి పెద్ద టీవీలో, సోఫాలో జారగిలబడి, కాళ్లకు ఏ వైరూ అడ్డం పడకుండా ఆడుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది. పేచీ అంతా ఆ ‘అంతే’ దగ్గరే. వైర్‌లెస్ ప్యాడ్ కొన్నంత మాత్రాన ఇంట్లో వైరు తగ్గదు. సోఫా ముందు కనిపించేది కాస్తా టీవీ వెనక్కి వెళ్లి దాక్కుంటుంది, వెళ్తూ వెళ్తూ ఇంకో రెండింటిని తోడు తీసుకుపోతుంది.

అసలు ఈ ఆటలకు కావలసిందెంత? నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్‌కైనా, దాన్ని చూసి తయారై మన ఇళ్లలోకి చేరిన నకళ్లకైనా ప్యాడ్ మీద నాలుగు దిక్కులు, ఏ, బీ, స్టార్ట్, సెలెక్ట్. మొత్తం ఎనిమిది. యంత్రం సెకనుకు దాదాపు 60 సార్లు ‘ఏది నొక్కావు?’ అని అడుగుతుంది. ప్యాడ్‌లోని చిన్న చిప్ ఎనిమిది బిట్లలో జవాబిస్తుంది. పేరడగడం, ఊరడగడం, గోత్రమడగడం ఉండదు. ఫామికామ్‌లోనైతే ప్యాడ్ వైరు యంత్రంలోకే బిగించి ఉండేది, పోగొట్టుకుందామన్నా వీలుండేది కాదు. అదే ఎనిమిది బటన్ల కబురు ఇప్పుడు బ్లూటూత్ మీద ఆరడుగులు దాటాలంటే ప్యాడ్ ముందు తన ఉనికి చాటుకోవాలి, పెట్టె దాన్ని వెతికి పట్టుకోవాలి, రెండూ రహస్యంగా ఓ తాళంచెవిపై ఒప్పందానికి రావాలి. ఆపైన సెకనుకు 1600 సార్ల దాకా, 79 చానళ్ల మీద, రెండూ ఒకే అడుగులో గెంతుతూ ఉండాలి. మారియో గెంతడం ఆ తరవాతి సంగతి.

ఇక వైర్ల లెక్కకు వద్దాం. రెట్రోపై పెట్టెలో బ్లూటూత్ మెనూ తెరవాలంటే ముందు ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ప్యాడ్ ఇంకా పలకదు కాబట్టి ఓ వైరున్న కీబోర్డు తెచ్చి గుచ్చాలి. ఇది మొదటి వైరు. సోనీ 2006లో ప్లేస్టేషన్ 3తో ఇచ్చిన ప్యాడ్ బ్లూటూత్‌దే, కానీ ఏ యంత్రానికి కట్టుబడాలో దానికి యూఎస్‌బీ వైరు ద్వారానే చెప్పాలి. అంటే వైరు అక్కర్లేదని నమ్మించడానికి ముందుగా వైరుతో కట్టేయాలన్నమాట. మైక్రోసాఫ్ట్ వాళ్ల లీల ఇంకా సూక్ష్మం. 2013లో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ ప్యాడ్‌లో అసలు బ్లూటూతే లేదు, దాని రేడియో భాష వేరు. 2016 నుంచి వచ్చిన వాటిలో ఉంది. తేడా పట్టాలంటే నడుమ లోగో బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ప్యాడ్ ముఖంతో కలిసి ఉందా, పైపట్టీతో కలిసి ఉందా అని చూడాలి. పెళ్లిచూపుల్లో కూడా ఇంత పరిశీలన ఉండదు. 8బిట్‌డూ కంపెనీ ప్యాడ్లు చాలావాటికి స్టార్ట్‌తో పాటు బీ నొక్కితే ఆండ్రాయిడ్ వేషం, ఎక్స్ నొక్కితే విండోస్ వేషం, వై నొక్కితే నింటెండో స్విచ్ వేషం. వేషం తప్పితే జత కుదిరినట్టే కుదిరి బటన్లు తారుమారవుతాయి.

అన్నీ సరిగా చేసినా గాలి ఉంది. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని మన ప్రభుత్వం 2005 జనవరిలో నియమాలు ఇచ్చింది. లైసెన్సు అక్కర్లేని చోట జనం ఎలా ఉంటారో రాజీవ్ చౌక్ మెట్రో స్టేషన్‌లో సాయంత్రం ఆరింటికి చూస్తే చాలు. నోయిడా, గురుగ్రామ్ అపార్టుమెంట్లలో గోడకు ఇటూ అటూ ఉన్న వైఫై రౌటర్లు, స్పీకర్లు, ఇయర్‌ఫోన్లు అన్నీ అదే పట్టీలో తోసుకుంటాయి. ఇది చాలదని రాస్ప్‌బెర్రీ పై 4లో యూఎస్‌బీ 3 పోర్టులున్నాయి. యూఎస్‌బీ 3 పరికరాల రొద సరిగ్గా ఈ పట్టీలోకే పడుతుందని ఇంటెల్ 2012లోనే ఓ పత్రం రాసింది. ఆటలన్నీ నింపిన హార్డ్‌డిస్కును పెట్టె పక్కనే గుచ్చి, ‘ప్యాడ్ తెగిపోతోంది’ అని నెత్తి బాదుకుంటే ఏం లాభం? విరుగుడు ఏమిటంటే విడిగా బ్లూటూత్ డాంగిల్ కొని, దాన్ని ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టడం. మళ్లీ వైరు!

ఈ రోగాలకు సలహాలిచ్చేవాళ్ల వైద్యం ఇంకో వినోదం. చిన్నప్పుడు ఆట ఆగితే క్యాసెట్ తీసి ఊదేవాళ్లు. ఊదొద్దని నింటెండో చెప్పినా ఎవరూ వినలేదు. ఇవాళ ఊదడం పోయి రీస్టార్ట్ వచ్చింది. ‘పాత పెయిరింగ్ తీసేసి మళ్లీ చేయండి, సూదితో వెనక రీసెట్ నొక్కండి’ అంటారే తప్ప పని ఎక్కడ ఆగిందని అడిగేవాడు ఉండడు. పెట్టెకు ప్యాడ్ కనబడకపోవడం ఒకటి. కనబడి జత కుదరకపోవడం మరొకటి. జత కుదిరి, ఆర్పి వెలిగించేసరికి మరిచిపోతే దాన్ని ‘నమ్మినవాళ్ల’ జాబితాలో చేర్చలేదన్నమాట, ఈ పెట్టెల్లో నడిచే లినక్స్‌లో దానికి ట్రస్ట్ అనే విడి ఆదేశమే ఉంది. బాగా కలిసి బటన్లు తప్పితే అది బ్లూటూత్ గొడవే కాదు. నాలుగింటికీ రీస్టార్ట్ ఒకటే మందా?

నకిలీ ప్యాడ్లు కొంటే ఇంతేనని కొందరంటారు. అందులో నిజముంది. ప్లేస్టేషన్ 3 నకళ్ల కోసం రెట్రోపై విడిగా డ్రైవర్ రకాలే పెట్టవలసి వచ్చింది. కానీ అసలు సిసలు మైక్రోసాఫ్ట్ ప్యాడే లినక్స్‌తో కుదరక, బ్లూటూత్‌లో ఈఆర్‌టీఎం అనే సదుపాయాన్ని ఆపేస్తే గానీ జత కాని రోజులున్నాయి. ప్యాడ్‌తో పాటే వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిళ్లకు ఈ బాధ లేదని మరికొందరి వాదన. ఒప్పుకుంటాను, జత ఫ్యాక్టరీలోనే కుదిరి వస్తుంది కాబట్టి. కాకపోతే గోరంత డాంగిల్ పోతే ప్యాడ్ సగం మూగ, ఇద్దరు ఆడాలంటే రెండు పోర్టులు. వైరున్న ప్యాడే మేలంటే, పిల్లల కాళ్లకు వైరు తగులుతుందన్నది మాత్రం గట్టి అభ్యంతరమే. అయితే యూఎస్‌బీ 2 వైరు అయిదు మీటర్ల దాకా పోవచ్చు. ద్వారకా డీడీఏ ఫ్లాట్‌లో గోడవారగా తిప్పి సోఫా దాకా తేవడానికి అది చాలు.

ఇంతా చేసి, చాలా వైర్‌లెస్ ప్యాడ్ల డబ్బాల్లో అడుగున ఓ యూఎస్‌బీ వైరు మడత పెట్టి ఉంటుంది. ఛార్జింగ్‌కని అందరూ పక్కన పడేస్తారు. అందులో డేటా తీగలు కూడా ఉంటే, దాన్ని పెట్టెకు గుచ్చగానే చాలా ప్యాడ్లు ఏ పెయిరింగూ అడక్కుండా ఆడతాయి. అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పే దుకాణదారు ఎవరైనా ఉంటే ఆయనకు దండం.