పుచ్ఛోద్ధరణ పద్యము: టీకా తాత్పర్యసహితము

తోక నెత్తువేళఁ దూకమ్ము తగ్గిన
మురియఁబోకు ముక్కు ముట్టు నేల
మీట నార్పి చెక్క మేలుగా నడ్డిడి
యెముక వెదకి పట్టు టెరుక సుమ్మి

ప్రతిపదార్థం: తోకన్ = వెనక చిన్న చక్రం మీద కూర్చునే పాతకాలపు విమానపు తోకను; ఎత్తువేళన్ = చేతులతో లేపునప్పుడు; తూకమ్ము తగ్గినన్ = బరువు తగ్గినట్లు తోచినను; మురియన్ పోకు = సంతసింపకుము; ముక్కు = ప్రొపెల్లర్‌తో కూడిన ముందుభాగం; నేలన్ ముట్టు = నేలను తాకును; మీటన్ ఆర్పి = మాగ్నెటో స్విచ్చిని కట్టి; చెక్కన్ మేలుగాన్ అడ్డు ఇడి = చక్రాలకు అడ్డుచెక్కలు గట్టిగా పెట్టి; ఎముకన్ వెదకి పట్టుట = గుడ్డ కింద ఉక్కు గొట్టమెక్కడుందో చూసి పట్టుకొనుట; ఎరుక సుమ్మి = తెలివి సుమా.

తాత్పర్యం: తోక బరువుగా ఉన్నంతసేపు భయం లేదు, తేలికైనప్పుడే భయపడవలెనని భావం.

టీక: ఇక్కడ లక్ష్యం పైపర్ జె-3 కబ్. 1938 నుంచి 1947 దాకా అమెరికాలో తయారైన ఈ విమానం ఖాళీగా 345 కిలోలకు కాస్త అటూఇటూ తూగుతుంది. ఇంజను ఎక్కువవాటిలో 65 గుర్రాల శక్తిది. ఇంత చిన్న విమానపు తోకకు పద్యమెందుకని పూర్వపక్షం. తూకం వేయడానికి విమానాన్ని సమతలంగా నిలపాలి, తోకచక్రపు స్ప్రింగు పట్టీలు మార్చాలి, ఇరుకు హ్యాంగరులో వెనక్కి తిప్పాలి. ఎత్తక తప్పదు గనుక పద్యమూ తప్పదని సమాధానం.

“మీట నార్పి.” మాగ్నెటోకు బ్యాటరీ అక్కర్లేదు, తిరిగితే చాలు నిప్పురవ్వ పుడుతుంది. స్విచ్చి చేసేదల్లా ఆ కరెంటును ఇంజను లోహానికి మళ్లించడమే. ఆ తీగ తెగితే మీట ఆరినట్లే కనిపిస్తుంది, ఇంజను మాత్రం బతికే ఉంటుంది. కబ్‌ను చేత్తో ప్రొపెల్లర్ తిప్పి స్టార్టు చేయడం రివాజు కాబట్టి ఈ మాట అలంకారం కాదు. పెట్రోలు కూడా కట్టి, ప్రొపెల్లర్ రెక్కలను అడ్డంగా నిలపాలి. అలా నిలిపే చెయ్యి కూడా ఇంజను ఇప్పుడే అందుకుంటుందన్న జాగ్రత్తలో ఉండాలి.

“చెక్క” అని ఏకవచనం ఛందస్సు కోసం. రెండు చక్రాలకూ ముందూ వెనకా నాలుగు వైపులా పెట్టవలసిందే. కబ్ బ్రేకులు పైలట్ మడమల కింద ఉంటాయి. పైలట్ దిగితే అవీ దిగినట్లే.

“ఎముక వెదకి.” చేతికి అందంగా అమరేది తోకరెక్క, అంటే స్టెబిలైజర్, దాని కొసలు పట్టకూడనివి. కబ్‌లో ట్రిమ్ తిప్పితే ఈ రెక్క ముందంచే జాక్‌స్క్రూ మీద పైకీ కిందికీ కదులుతుంది. కొస పట్టి లేపితే ఆ భారమంతా స్క్రూ మీదా, రెక్కను బిగించిన తీగల మీదా పడుతుంది. వంగిన తీగ ఆ రోజు కనపడకపోవచ్చు. ఎలివేటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది కీళ్ల మీద వేలాడేది. పిడి ఉంటే పిడి, లేకుంటే తోకచక్రపు స్ప్రింగు బిగించిన చోటికి దగ్గరగా విమానపు ఒంటి అడుగున ఉన్న గొట్టం, అటొకరూ ఇటొకరూ పట్టాలి.

“తూకమ్ము తగ్గిన” అన్నది పద్యానికి ప్రాణం. నేల మీద కూర్చున్న విమానపు గరిమనాభి ముందుచక్రాల ఇరుసుకు పైనా, కొంచెం వెనకా ఉంటుంది. ఆ కొంచెం వెనకే తోక బరువు. తోక లేచేకొద్దీ గరిమనాభి ఇరుసు చుట్టూ ముందుకు జరుగుతుంది, దూరం తగ్గుతుంది, చేతికి బరువూ తగ్గుతుంది. కండ బలమనుకుని ఇంకా ఎత్తితే గరిమనాభి ఇరుసును దాటుతుంది. అప్పుడు ఎత్తేవారి పని ఎత్తడం కాదు, పట్టి లాగడం. కబ్ పెట్రోలు ట్యాంకు, సుమారు 45 లీటర్లది, ఇరుసుకు ముందే ఉంటుంది. అది నిండితే తోక మొదటినుంచే తేలిక. ఇంజను దించేసిన విమానంలో ఇదంతా తలకిందులై తోక మోయరానిదవుతుంది. ఎత్తడానికి హద్దు ఎక్కడంటే విమానం సమతలానికి వచ్చినచోట. తోకచక్రపు విమానం ఆ భంగిమలో ఉండగా ప్రొపెల్లర్ కొసకూ నేలకూ కనీసం 9 అంగుళాల ఎడం ఉండాలని అమెరికా నిబంధనలు చాలాకాలం అడిగాయి. ఆ పైన ఎత్తడమంటే ఈ ఎడాన్ని ఖర్చు చేయడమే. గాలి వీస్తుంటే ముక్కును గాలికి ఎదురుగా తిప్పాకే ఎత్తాలి. వెనకనుంచి వచ్చే గాలి తోకరెక్క కింద దూరి అడగని సాయం చేస్తుంది.

లేపిన తోకను మెత్త వేసిన స్టాండు మీద ఆనించి, కట్టి, ఇసుక సంచి వేలాడదీయాలి. సంచికి బదులు మనిషైతే చాలదా అంటే, ఇతిహాసం ఒకటుంది. 1945లో ఇంగ్లండులో గాలి ఉద్ధృతికి స్పిట్‌ఫైర్ తోక లేవకుండా సిబ్బందిలోని మార్గరెట్ హార్టన్ దాని మీద కూర్చుంది. పైలట్ ఆమె దిగిందనుకుని టేకాఫ్ చేశాడు, చుట్టు తిరిగి దించాడు. ఆమె క్షేమం. ప్రమాణంగా మాత్రం సంచినే గ్రహించాలి.

దించడం గురించి కవి మౌనం. ఎత్తేటప్పుడు తగ్గిన బరువంతా దించేటప్పుడు తిరిగి వస్తుంది, అదీ నడుము పూర్తిగా వంగిన చివరి అడుగులో. కాబట్టి స్టాండు తీసేవాడు వేరు, పట్టినవారు వేరు. “తీశాను” అన్న మాట వినపడ్డాకే మోకాళ్లు వంచి దించాలి, చక్రం నేలకు ఆనేదాకా దాని కింద ఎవరి కాలూ వేలూ ఉండరాదు. అడ్డుచెక్కలు ఆఖరున తీయాలి.