ఉచిత పనిముట్టుకు టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

ఉచిత మనినఁ జాలు నుద్యోగ మాశించి
పడుచువాఁడు వచ్చి పట్టి నేర్చు;
నేర్చినట్టివాఁడు నెలజీతగాఁడయి
కొలువు దొరల చేతఁ గొనఁగఁ జేయు.

అవతారిక

మూలం లేనిదే వ్యాఖ్యానం లేదు కనుక పద్యం నేనే కట్టుకున్నాను. కవికి వేరే నమస్కారం అక్కర్లేదు. సందర్భం ఇది. 2005 నవంబరులో మైక్రోసాఫ్ట్ తన ప్రోగ్రామింగ్ పనిముట్టు విజువల్ స్టూడియోతో పాటు ‘ఎక్స్‌ప్రెస్’ అనే బుల్లి కూర్పులను విడుదల చేసింది. విజువల్ బేసిక్‌కు ఒకటి, సి షార్ప్‌కు ఒకటి, సి ప్లస్ ప్లస్‌కు ఒకటి, వెబ్ పనికి ఒకటి. మొదట ఏడాదిపాటే ఉచితం అన్నారు. ఆ గడువు తీరకముందే, 2006 ఏప్రిల్‌లో, ఎప్పటికీ ఉచితమేనని తేల్చేశారు. సాఫ్ట్‌వేర్ అమ్ముకుని బతికే కంపెనీ సాఫ్ట్‌వేర్‌నే ఊరికే పంచడమేమిటని ముక్కున వేలేసుకున్నవారికి ఈ పద్యం సమాధానం.

ప్రతిపదార్థం

ఉచితము అనినన్ చాలున్ = ధర లేదంటే చాలు; ఉద్యోగము ఆశించి = కొలువు మీద ఆశతో; పడుచువాఁడు = కుర్రవాడు (ఇది ఉపలక్షణం; ఆడపిల్లలనూ, నడివయసులో దారి మార్చుకునేవారినీ కలుపుకోవాలి); వచ్చి = ఎవరూ బొట్టుపెట్టి పిలవకుండానే వచ్చి; పట్టి నేర్చున్ = నిద్ర మానుకుని నేర్చుకుంటాడు; నేర్చినట్టివాఁడు = ఆ నేర్చినవాడే; నెలజీతగాఁడు అయి = ఉద్యోగంలో కుదురుకుని; కొలువు దొరల చేతన్ = జీతమిచ్చే యజమానుల చేత; కొనఁగన్ చేయున్ = అదే పనిముట్టు పెద్ద కూర్పును, తలకొకటి చొప్పున, కొనిపిస్తాడు.

టీక

మొదటి పాదం. ఊరికే ఇవ్వడం ఎవరికైనా చేతనవును. ఇచ్చేదాంట్లోంచి ఏది మినహాయించాలో తెలియడమే అసలు విద్య. ఎక్కువ తీసేస్తే కుర్రవాడు రాడు, తక్కువ తీసేస్తే దొర కొనడు. 1991లో ఎంఎస్ డాస్ 5తో వచ్చిన క్యూబేసిక్ చూడండి. రాసిన ప్రోగ్రాము అక్కడికక్కడే చక్కగా నడిచేది. దాన్ని ఈఎక్స్ఈ ఫైలుగా మార్చి పదిమందికి పంచాలంటే మాత్రం క్విక్‌బేసిక్ కొనాల్సిందే. ఎక్స్‌ప్రెస్ నాటికి ఆ కంచె జరిగింది. ఈఎక్స్ఈ తయారయ్యేది, దాన్ని అమ్ముకున్నా అడ్డుండేది కాదు. అదనపు హంగులు చేర్చే ప్లగిన్లు తగిలించుకోవడం మాత్రం కుదిరేది కాదు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని రాసేవాడికి ఈ లోటు తెలిసేదే కాదు. జట్టుగా పనిచేసే ఆఫీసులో అడుగుపెట్టాక తెలిసేది.

2014 నవంబరు 12న వచ్చిన ‘కమ్యూనిటీ’ కూర్పులో ప్లగిన్లకూ అనుమతి దొరికింది. అయితే కంచె పోయిందా? పోలేదు, పనిముట్టు చుట్టూ ఉన్నదాన్ని పీకి మనిషి చుట్టూ పాతారు. మీ సంస్థకు 250కి మించి కంప్యూటర్లున్నా, ఏడాదికి పది లక్షల డాలర్లకు పైగా రాబడి ఉన్నా మామూలు పనికి దాన్ని వాడకూడదు. అంతకంటే చిన్న సంస్థలో అయిదుగురి దాకా వాడుకోవచ్చు. చదువుకూ ఓపెన్ సోర్స్‌కూ ఈ లెక్కలేవీ లేవు. 2018లో డెల్ఫీ అనే మరో ప్రోగ్రామింగ్ పనిముట్టు కమ్యూనిటీ కూర్పు కూడా ఇదే బాట పట్టి అయిదు వేల డాలర్ల రాబడి దగ్గర గీత గీసింది. లేనివాణ్ణి అడగరు, ఉన్నవాణ్ణి వదలరు అని భావం.

రెండు, మూడు పాదాలు. ఒకప్పుడు హైదరాబాదులోని అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా జావా, డాట్‌నెట్, ఒరాకిల్ అన్న బోర్డులే. సరుకు కంపెనీది, శిక్షణ ఇన్‌స్టిట్యూట్‌ది, ఫీజు కట్టింది కుర్రవాడి నాన్న. పనిముట్టు ఎంచుకునే వేళ యజమాని మొదట అడిగేది ‘దీనికి మనుషులు దొరుకుతారా’ అనే. దొరుకుతారు, వాళ్ళ నాన్నలు ముందే ఫీజు కట్టి సిద్ధం చేసి ఉంచారు.

శంక: 1976లో ఇదే మైక్రోసాఫ్ట్ కంపెనీకి చెందిన బిల్ గేట్స్ హాబీయిస్టులకు బహిరంగ లేఖ రాసి, బేసిక్‌ను డబ్బివ్వకుండా కాపీ కొట్టుకుంటున్నారని నిలదీశాడు గదా, ఇప్పుడీ దానగుణం ఎక్కడిది?

సమాధానం: అప్పుడు అతని అంగట్లో బేసిక్ తప్ప చెప్పుకోదగ్గ సరుకు లేదు. 2005 నాటికి విండోస్ ఉంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉంది. కుర్రవాడు ఎక్స్‌ప్రెస్‌లో అల్లిన విండోస్ ప్రోగ్రాము వాడాలంటే ఎవరో ఒకరు విండోస్ కొనాలి. పైగా ఐబీఎం 2001లో ఓపెన్ సోర్స్‌గా విడిచిపెట్టిన ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ పనిముట్టు జావావాళ్ళకు ప్లగిన్లతో సహా ఊరికే దొరుకుతోంది. ఎదురంగట్లో ఉచితమైనప్పుడు ధర చీటీ అతికించి కూర్చుంటే ఈగలే మిగులుతాయి.

శంక: అలవాటు చేస్తే చాలు, అమ్మకం దానంతటదే జరుగుతుందా?

సమాధానం: జరగదు. దానికి సాక్ష్యం మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లోని టర్బో సి. నీలం తెర, పసుపు అక్షరాలు. పైన కోనియో డాట్ హెచ్, అవుట్‌పుట్ తెర చటుక్కున మాయం కాకుండా చివర గెట్‌చ్. ఈ రెండూ లేని ప్రోగ్రాము రికార్డు పుస్తకంలో కనబడేది కాదు. ఆ అలవాటుతో లినక్స్ మీద జీసీసీ కంపైలర్ ముందు కూర్చున్నవాడికి, కోనియో అక్కడ లేక, మొదటి వరుసకే ఎర్రర్ వచ్చేది. వేళ్ళల్లోకి అంతగా ఇంకిపోయిన పనిముట్టు బోర్లాండ్‌ది. 1983లో టర్బో పాస్కల్‌ను 49.95 డాలర్లకే ఇచ్చి పేరు తెచ్చుకున్న ఆ కంపెనీ, 2008లో తన ప్రోగ్రామింగ్ పనిముట్ల విభాగాన్నే ఎంబార్కడెరోకు అమ్ముకుంది. కుర్రవాడు వచ్చాడు, నేర్చాడు, జీతగాడూ అయ్యాడు. కానీ చేరిన ఆఫీసులో నడిచేది జావా, డాట్‌నెట్. అక్కడ బోర్లాండ్ సరుకు కొనే అవసరమే పడలేదు. మూడు పాదాలు కుదిరి నాలుగోది కుదరని పద్యం అది.

అలంకారం

రెండో పాదం చివర విడిచిన ‘నేర్చు’ను మూడో పాదం మొదట అందుకోవడం వల్ల ముక్తపదగ్రస్తం. విడిచిన పదాన్ని మళ్ళీ పట్టుకోవడం ఈ అలంకార లక్షణం. విడిచిన ధరను మళ్ళీ పట్టుకోవడం కంపెనీ లక్షణం. ఉచితం వల్ల చదువు, చదువు వల్ల కొలువు, కొలువు వల్ల కొనుగోలు చెప్పారు గనుక కారణమాల కూడా.

తాత్పర్యం

కంపెనీ వదులుకున్నది తనకు ఎలాగూ రాని డబ్బు. విద్యార్థి జేబులో అది లేదు. ఉన్నా వాడు కొనడు, స్నేహితుడి సీడీ అడుగుతాడు. ఆ రాని డబ్బును ఉచితమని పేరుపెట్టి మాఫీ చేసి, రాబట్టగల డబ్బుకు ఆ విద్యార్థినే దళారిగా నియమించారు. దళారికి కమీషన్ లేదు. అయినా వాడు నష్టపోలేదు. చేతికి విద్య వచ్చింది, దానితో ఉద్యోగం వచ్చింది.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారికి డౌన్‌లోడ్ బటన్ కింది చిన్న అక్షరాలు కంటబడును. కంటబడిన పిమ్మట కూడా వారు ఆ బటనే నొక్కుదురు.